రేహాన్ వాళ్ళ ఊరి మసీదు

నవంబర్ 9, 2024. శనివారం

ఎలీనాకి సోషల్ స్టడీస్‌లో కొత్త ప్రాజెక్ట్. ఒక బిల్డింగ్‌కి బయోగ్రఫీ రాయాలట. మనిషికి కాదు, బిల్డింగ్‌కి. ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, అది ఏమేం చూసింది. దాన్ని ఎరిగిన మనిషిని ఒకరిని ఇంటర్వ్యూ కూడా చేయాలి.

మన నాగాయలంక చర్చి గురించి రాయవే అన్నాను. డెబ్బై ఏడు తుఫానులో కొట్టుకుపోయి మళ్ళీ కట్టిన చర్చి. మా అమ్మ తాటిచెట్టు కావలించుకుని బతికింది. ఇంతకంటే ఏం కావాలి? ఎలీనా మొహం ముడుచుకుంది. ఆ సంగతి అడిగితే అమ్మమ్మ ఫోన్‌లో ఏడుస్తుంది మమ్మీ, నాకు నోట్స్ రావు అంది. నిజమే.

కింది ఫ్లోర్ రేహాన్ ఆంటీని అడుగుతుందట. వాళ్ళ హాల్లో మసీదు ఫోటో ఉంది, చూశావా అంది. చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

నవంబర్ 10

రేహాన్ ఒప్పుకుంది.

ఆమె పూర్తి పేరు రేహాన్‌గుల్. ఉయ్‌గుర్ ముస్లిం. వాళ్ళ ఊరు చైనాకి పడమటి కొసన, ఎడారి పక్కన. అక్కడ లెక్కల టీచర్. 2016లో మాస్టర్స్‌కి ఇక్కడికి, అమెరికాకి వచ్చింది. ఆ తర్వాత అక్కడ వాళ్ళవాళ్ళని పట్టుకుపోవడం మొదలై, వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఇప్పుడు మా కాంప్లెక్స్ పక్క డేకేర్‌లో పని. సగం మంది తెలుగు పిల్లలు ఆమె చేతుల్లో పెరిగినవాళ్ళే. ఇక్కడ ఆశ్రయం కోరుతూ అసైలమ్ కేస్ వేసి ఏళ్ళయింది, ఇంటర్వ్యూకి ఇంతవరకు పిలవలేదు. నేను ఆమె దగ్గర మా గ్రీన్ కార్డ్ గోల ఎత్తడం మానేశాను.

ఒక్క షరతు పెట్టింది. ఊరి పేరూ, అక్కడే ఉన్న తమ్ముడి పేరూ ఎక్కడా రాయకూడదు. ఎలీనా ప్రామిస్ చేసింది. నేనూ చేశాను. ఈ డైరీలోనూ రాయను.

నవంబర్ 16. సాయంత్రం

ఇంటర్వ్యూ అయింది. ఫోన్‌లో రికార్డ్ చేయొద్దంది కాబట్టి ఎలీనా కాగితం మీద రాసుకుంది. నేను టీ తాగుతూ విన్నాను. వినాలని కూర్చోలేదు, కానీ లేవలేకపోయాను.

మొదటి మసీదు మట్టిది. ఎవరో ఉన్ని వ్యాపారి కట్టించాడట. ఒంటెల బిడారులు ఆగే ఊరు అది. భూకంపానికి కూలింది. ఊరివాళ్ళే మళ్ళీ కట్టుకున్నారు, ఈసారి కాల్చిన ఇటుకతో. సాంస్కృతిక విప్లవం రోజుల్లో మినార్లు విరగ్గొట్టి, తలుపులకి తాళాలేసి, లోపల పంది మాంసం నిలవ చేశారు. 1986లో తాళాలు తీశారు. ఊరు ఊరంతా వచ్చి నేలమట్టి తవ్వి పారబోసి కొత్తమట్టి పోశారట. ఆ మట్టి మోసినవాళ్ళలో రేహాన్ వాళ్ళమ్మ ఒకామె. అప్పటికి రేహాన్ చంటిది, వీపున ఉంది.

వసారాకి చెక్క స్తంభాలు. ఒక్కో పేట ఒక్కో స్తంభం ఇచ్చింది. వాళ్ళ నాన్న వడ్రంగి. వాళ్ళ పేట స్తంభం ఆయనే చెక్కాడు. దానిమ్మకాయలు, తీగలు. ఒక దానిమ్మ వంకరగా వచ్చిందట. ఆయనకి అదంటే సిగ్గు. చిన్నప్పుడు తమ్ముడు ప్రతిసారీ వెళ్ళి సరిగ్గా ఆ వంకర కాయ మీదే చెయ్యి పెట్టి, నాన్నా ఇదేనా అని గట్టిగా అరిచేవాడట. చెప్తూ రేహాన్ నవ్వింది. ఆమె అంత పెద్దగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

పడటం ఆ మసీదుకి కొత్త కాదు అంది. పడ్డ ప్రతిసారీ ఎవరు లేపారో మాకు తెలుసు, ఫలానా గోడ ఫలానా వాళ్ళది అని చూపించేవాళ్ళం అంది.

తర్వాత ఏమైంది ఆంటీ అని ఎలీనా అడిగింది.

ఇక్కడితో ఆపెయ్ అంది రేహాన్.

నవంబర్ 24

ఎలీనా ఆపలేదు. ఈ తరం పిల్లలకి దాచడం కుదరదు. శాటిలైట్ మ్యాప్‌లో పాత సంవత్సరాలకి వెళ్ళే స్లయిడర్ ఉంది. లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

2016లో పచ్చటి గుమ్మటం, చుట్టూ చెట్లు. 2018లో గోధుమరంగు మచ్చ. ఆ తర్వాత కార్ పార్కింగ్. మొన్నటి దాంట్లో ఏదో చిన్న కట్టడం, అగ్గిపెట్టె అంత.

రేహాన్‌కి ఇవన్నీ ఎప్పుడో తెలుసట. నేను అడిగితే తలూపింది. పార్కింగ్ గీతలు కూడా నాకు తెలుసు అంది.

డిసెంబర్ 3

ప్రాజెక్ట్ 1986లో ఆపితే టీచర్ ఇచ్చిన రూబ్రిక్ పట్టిక ప్రకారం మార్కులు పోతాయని ఎలీనా, పోతే పోనీ అని నేను. తలుపు ధడాలున వేసుకుంది.

డిసెంబర్ 25

రేహాన్ పెద్ద రొట్టె చేసి తెచ్చింది. నేను రోజ్ కుకీస్ ఇచ్చాను. 2017లో తమ్ముడితో చివరిసారి మాట్లాడిందట. అక్కా, ఇక ఫోన్ చేయకు అన్నాడట. అంతే. ఈ మాట క్రిస్మస్ రోజు ఎందుకు చెప్పిందో తెలియదు. కార్పెట్ వైపు చూస్తూ చెప్పింది.

జనవరి 11, 2025. శనివారం

రాసుకుంటే కుదురుకుంటానేమో.

ఎలీనాకి యూట్యూబ్‌లో ఒక ట్రావెల్ వీడియో దొరికింది. ఎవరో తెల్లజంట, సూట్‌కేసులు లాక్కుంటూ ఆ ఊళ్ళో తిరుగుతున్నారు. మళ్ళీ కట్టిన మసీదు చూపించారు. లాస్ట్ స్లయిడ్‌కి ఫోటో దొరికిందని దాని సంబరం. నన్ను అడగకుండానే కిందికి పరిగెత్తింది. వెనకాలే నేను.

మసీదు అంటే ఒక ద్వారం, దాని మీద చిన్న గుమ్మటం. పక్కన టికెట్ కౌంటర్. వెనక నమాజు చేసుకునే హాలు లేదు. ఒక టీ షాపు, వేదిక. స్తంభాలు సిమెంట్‌వి, చెక్కలా కనపడాలని పెయింట్ వేశారు. ఆ జంటలో అమ్మాయి వాటి పక్కన నిలబడి వావ్ అంది. రేహాన్ మామూలుగానే చూస్తోంది. పాత పళ్ళనొప్పిలా భరిస్తోంది అనుకున్నాను.

తర్వాత వేదిక మీద డాన్స్. మెరుపుల కోట్లు వేసుకున్న మగవాళ్ళు, టోపీలు. రేహాన్ ఎలీనా చెయ్యి పట్టుకుంది. ఆపు అంది. వెనక్కి జరుపు అంది. సౌండ్ తీసెయ్ అంది.

చివరి వరసలో ఉన్నవాడి మొహం మీద వేలు పెట్టింది.

తమ్ముడు.

అరవలేదు, ఏడవలేదు. చిక్కిపోయాడు అంది. ముందుపన్ను ఏదీ అంది. మళ్ళీ పెట్టించుకుంది. అందరూ ఎడమకి తిరిగాక అతను తిరుగుతున్నాడు. వీడికి డాన్స్ రాదు అంది రేహాన్. పెళ్ళిళ్ళలో కూడా గోడకి ఆనుకుని నిలబడేవాడు, లాగితే పారిపోయేవాడు అంది.

ఎలీనా నా వైపు చూసింది. దాని కళ్ళల్లో భయం.

జనవరి 12

బతికి ఉన్నాడు. ఆ మాటే పొద్దున్నుంచీ అంటోంది. బతికి ఉన్నాడు ప్రిస్సీ, బతికి ఉన్నాడు. ఒక వంటపాత్ర నిండా పులావు చేసి కాంప్లెక్స్ అంతా పంచింది. ఎందుకని అడిగినవాళ్ళకి పుట్టినరోజు అని చెప్పింది.

ఆ వీడియో తీసినవాళ్ళకి మెసేజ్ పెడదాం, నంబర్ కనుక్కోమందాం అన్నాడు మా ఆయన ఇమ్మాన్యుయేల్. రేహాన్ వద్దంది. అమెరికాలో అక్క ఉందని, ఆ అక్క చూసిందని అక్కడ ఎవరికీ తెలియకూడదు. కామెంట్ పెట్టొద్దు, లైక్ కొట్టొద్దు. చూడండి, అంతే అంది.

ఆయన అర్థమైనట్టు తలూపాడు. నాకూ అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను.

ఫిబ్రవరి 6

ఎలీనా ప్రెజెంటేషన్. చివరికి ఆ వీడియోలో ఫోటో వాడలేదు. ఇప్పుడు ఆ బిల్డింగ్ ఎలా ఉంది అని టీచర్ అడిగిందట. మళ్ళీ కట్టారు అని చెప్పి కూర్చుందట. గ్రేడ్ ఏ మైనస్ వచ్చింది.

ఫిబ్రవరి 21

రేహాన్ డేకేర్‌కి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ వీడియో చూస్తోంది. తిండి తగ్గింది. సంతోషం ఎప్పుడో పోయింది. ఆ పన్ను ఎలా పోయిందో అని ఒకటే ఆలోచన.

నాకు చేయగలిగింది ఏమీ లేదు. నాకు తెలిసింది ప్రార్థన ఒక్కటే.

మార్చి 7. శుక్రవారం

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమకాలం ఉపవాస ప్రార్థనకి వెళ్ళాను. కింద రేహాన్‌కి రంజాన్ ఉపవాసం, పైన నాకిది. ఇద్దరం ఒకేలా ఖాళీ కడుపుతో ఉన్నాం అనిపించింది.

ఏసుపాదం అంకుల్ వచ్చారు. చీరాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఆరు నెలలుంటారు. ఉన్నన్నాళ్ళూ ఇతరుల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థనలు ఆయనవే. ఆయన ప్రార్థిస్తే రాయి కూడా కరుగుతుంది. అంకుల్, ఒక సహోదరుడి కోసం ప్రార్థించాలి, కష్టంలో ఉన్నాడు అన్నాను. ఎక్కడమ్మా అన్నారు. చైనాలో అని చెప్పాను. పేరేంటమ్మా అన్నారు. పేరు చెప్పకూడదంకుల్, దేవుడికి తెలుసు కదా అన్నాను.

దేవుడికి తెలుసమ్మా, నాకు తెలియాలిగా అన్నారు. పేరులేనివాడి కోసం ఏడుపు రాదమ్మా అన్నారు. మా అమ్మ మమ్మల్ని పేరు పేరునా ప్రార్థించేది, అందుకే బతికాం అన్నారు.

ఆయన చెవిలో చెప్పాను. ఊరు కూడా చెప్పాను. మీలోనే ఉంచుకోండి అంకుల్ అన్నాను. చెప్పాననే అనుకుంటున్నాను. ఆ పక్కన పిల్లలు గోల చేస్తున్నారు.

మార్చి 9. ఆదివారం

మైక్‌లో చెప్పేశారు.

మధ్యాహ్నం ఆరాధన, లైవ్ స్ట్రీమ్ నడుస్తోంది. అంకుల్ మోకాళ్ళ మీద ఉండి, కళ్ళు మూసుకుని, చైనా దేశంలో ఫలానా ఊళ్ళో ఉన్న మా సహోదరుడు అని పేరు పెట్టి పిలిచారు. ఒకసారి కాదు. ఇక్కడ అతని అక్క కన్నీళ్ళు చూడు ప్రభువా అన్నారు. చర్చి అంతా ఆమెన్ అంది. లేచి ముందుకి వెళ్ళాలి. లేవలేదు.

అయ్యాక పట్టుకుని అడిగితే, ప్రార్థనలో ఉన్నప్పుడు నేనెక్కడున్నానో నాకు తెలియదమ్మా అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన్ని తిట్టలేకపోయాను.

చర్చి మీడియా టీమ్ కుర్రాడు ఎవాన్‌తో లైవ్ వీడియో తీసేయమన్నాను. ష్యూర్ ఆంటీ అన్నాడు.

మార్చి 11

ఎవాన్ లైవ్ తీసేశాడు. కానీ అప్పటికే ఆ ప్రార్థన ముక్క కట్ చేసి యూట్యూబ్‌లో షార్ట్‌గా పెట్టాడట. మంచిగా వచ్చిందని. ఇంగ్లిష్ టైటిల్‌తో, పేరుతో, ఊరితో. పెర్సిక్యూటెడ్ బ్రదర్ ఇన్ చైనా, అంటే చైనాలో హింసలు పడుతున్న సహోదరుడు అని. ఇవాళ నాకు ఎలా తెలిసిందంటే గుంటూరు నుంచి మా మేనత్త ఫార్వర్డ్ చేసింది. ఈ బిడ్డ కోసం ప్రార్థించండి అని.

ఎవాన్‌కి ఫోన్ చేస్తే ఏడుపు గొంతుతో అప్పటికప్పుడు డిలీట్ చేశాడు. ఏం లాభం? ఎవరెవరో దింపుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఒకదాంట్లో క్రీస్తు కోసం చెరసాలలో ఉన్నాడని రాశారు. ఇంకోదాంట్లో రహస్యంగా బాప్తిస్మం తీసుకున్నాడని. అతను ముస్లిం. అతను ఏ తప్పూ చేయకుండా ఉండటానికే నానా పాట్లు పడుతున్నవాడు. మేం అతని మీద కొత్త నేరం మోపాం.

ఇమ్మాన్యుయేల్ కూర్చుని ఒక్కొక్క పేజీకి రిపోర్ట్ కొడుతున్నాడు. ఎలీనాకి స్కూల్లో ఎవరో చూపించారు. ఇంటికి వచ్చి నా మొహంలోకి చూసి, నేను పదమూడేళ్ళదాన్ని, నేను ప్రామిస్ నిలబెట్టుకున్నాను మమ్మీ అంది.

మార్చి 12

చెప్పాను.

రేహాన్ ఇఫ్తార్‌కి పిండి పిసుకుతోంది. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. పేరు ఏ స్పెల్లింగ్‌తో పెట్టారు అని అడిగింది. చూపించాను. అక్కడివాళ్ళు వాడే స్పెల్లింగ్ ఇది కాదు అంది. ఒక్క క్షణం నాకు ఊపిరి వచ్చింది. ఊరి పేరు కూడా చెప్పారా అంది. చెప్పారన్నాను. అయితే స్పెల్లింగ్‌తో పని లేదు అంది.

కాళ్ళు పట్టుకోబోయాను. చేతులకి పిండి, మోచేతులతో నన్ను ఆపింది.

నువ్వు చెడ్డ మనసుతో చేయలేదని నాకు తెలుసు ప్రిస్సీ అంది. నాకు తెలిసినంత మాత్రాన అక్కడ ఏదీ మారదు అంది. తర్వాత, ఈ పూటకి నువ్వు వెళ్ళు అంది.

మార్చి 19

తలుపు కొట్టాను. లోపల లైట్ ఉంది.

మార్చి 30

ఈద్. సేమ్యా చేసి గుమ్మం ముందు పెట్టి వచ్చాను. సాయంత్రానికి గిన్నె కడిగి మా గుమ్మం ముందు పెట్టి ఉంది.

ఏప్రిల్ 5

ఏసుపాదం అంకుల్ వచ్చారు, కొడుకు డ్రాప్ చేశాడు. ఆ అమ్మాయిని కలిసి క్షమాపణ అడుగుతానన్నారు. వద్దన్నాను. మనం మంచికే కదమ్మా చేశాం అన్నారు. సోఫాలో ఒక అంచున కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగకుండా చేతిలో పట్టుకుని ఉన్నారు. రోజూ ప్రార్థిస్తున్నానమ్మా అన్నారు. మళ్ళీ వెంటనే, మనసులోనే అన్నారు.

కింద రేహాన్ దగ్గరికి పంపలేదు. కార్ దాకా దింపి వచ్చాను.

ఏప్రిల్ 20. ఈస్టర్

తెల్లవారుజామున ఆరాధన. సమాధి ఖాళీగా ఉంది అని అందరూ పాడుతున్నారు. నేను పెదాలు కదిపాను.

ఇంటికి వస్తే ఎలీనా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఆ ఊరి పేరుతో కొత్త వీడియో ఏది వచ్చినా చూస్తోంది, నాకు చెప్పకుండా. ఇది ఈ నెలలో తీసింది. ఎవరో కొరియన్ అబ్బాయి. అదే ద్వారం, అదే వేదిక, అదే పాట. చివరి వరసలో అదే మెరుపుల కోటు.

లోపల మనిషి వేరు. ఇతను బాగా డాన్స్ చేస్తున్నాడు.

సెలవేమో, షిఫ్టులుంటాయేమో అన్నాడు ఇమ్మాన్యుయేల్. రేహాన్‌కి చెప్పాలా వద్దా అని ఎలీనా అడిగింది. నాకు తెలియదు అన్నాను. నిజంగానే తెలియదు.

ఏప్రిల్ 27

రేహాన్ ఆ కొత్త వీడియో ముందే చూసిందట. డేకేర్‌లో పనిచేసే నమ్రత చెప్పింది. పిల్లలు నిద్రపోయే టైంలో చూసి, ఫోన్ బ్యాగ్‌లో పెట్టి, పిల్లల దుప్పట్లు సర్దిందట.

మే 17. శనివారం

రేహాన్ వచ్చింది. తనంత తానుగా. రెండు నెలల తర్వాత మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. జుట్టు బాగా తెల్లబడింది.

ఫోన్ వచ్చిందట, తెలియని నంబర్ నుంచి. వాళ్ళమ్మ. ఎనిమిదేళ్ళ తర్వాత అమ్మ గొంతు. ఎలా ఉన్నావని అడగలేదట. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు చదివిందట. నేను బాగున్నాను. మా ఊరు బాగుంది. మా గురించి విదేశాల్లో అబద్ధాలు చెప్పొద్దు. నీ తమ్ముడు చదువుకోవడానికి వెళ్ళాడు. అంతే, ఫోన్ పెట్టేసిందట.

ఏం చదువు అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

నాన్నని పోలీసులు తీసుకెళ్ళినప్పుడూ అదే మాట చెప్పారు అంది. అరవై ఏళ్ళ వడ్రంగి, చదువుకోవడానికి వెళ్ళాడన్నారు. మళ్ళీ ఆయన్ని ఎవరూ చూడలేదు అంది.

ఇది మన వల్లేనా అని అడిగాను. తెలియదు అంది. రోజూ ఎవరినో ఒకరిని తీసుకెళ్తారు, కారణం వాళ్ళకి అక్కర్లేదు అంది. మళ్ళీ తనే, కానీ నీ వల్ల కాదు అని నేను చెప్పలేను ప్రిస్సీ అంది.

చెప్పమని నేనూ అడగలేదు.

మే 31

రేహాన్ వర్జీనియా వెళ్ళిపోతోంది. అక్కడ వాళ్ళవాళ్ళు కొంతమంది ఉన్నారట. ఎలీనా ప్యాకింగ్‌కి సాయం చేస్తోంది. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెళ్ళి గిన్నెలకి పేపర్ చుట్టాను. హాల్లో ఫోటో ఉన్నచోట గోడ తెల్లగా ఉంది.

మసీదు మళ్ళీ కడతారు కదా ఆంటీ, ఎప్పటికైనా, నిజమైనది అని ఎలీనా అడిగింది. రేహాన్ టేప్ అంటిస్తూ, కట్టేశారు కదా అంది.

జూన్ 14. శనివారం

పొద్దున ట్రక్ వచ్చింది. బయల్దేరే ముందు పైకి వచ్చి, ఆ ముసలాయన వీడియో ఉందా అని అడిగింది. అన్నీ తీయించేశాం అన్నాను, సంజాయిషీలా. లేదు, ఉంటే కావాలి అంది. ఎవాన్‌కి మెసేజ్ పెడితే పంపాడు.

మెట్ల మీద కూర్చుని విన్నది. ఒక్క ముక్క అర్థం కాని తెలుగు. అంకుల్ ఏడుస్తూ పిలుస్తున్నారు. వాడి పేరు పైకి పలికిన మనిషిని విని ఎన్నేళ్ళయిందో అంది. తప్పుగా పలుకుతున్నాడు అంది.

మళ్ళీ పెట్టమంది.